జాబ్ కాస్టింగ్

జాబ్ కాస్టింగ్ అనగా వినియోగదారుని ఆర్డరు ప్రకారం చేసే ప్రతి పనినీ ఒక ప్రత్యేక యూనిట్‌గా భావించి, దాని వ్యయాన్ని విడిగా లెక్కకట్టే పద్ధతి. ఇది కాస్ట్ అకౌంటింగులో ఒక భాగం. ముద్రణాలయాలు, ఫౌండ్రీలు, వాహన మరమ్మతు షెడ్లు, నౌకా మరమ్మతు కేంద్రాలు వంటివాటికి ఇది అనువైనది. సిమెంటు, చక్కెర వంటి ఒకే రకపు సరుకును నిరంతరాయంగా తయారుచేసే పరిశ్రమలకు ప్రాసెస్ కాస్టింగ్ వర్తిస్తుంది.

జాబ్ కాస్ట్ షీటు

ఆర్డరు రాగానే దానికొక సంఖ్య ఇచ్చి, ఆ సంఖ్యతో జాబ్ కాస్ట్ షీటు తెరుస్తారు. స్టోర్సు నుంచి సరుకు తీసుకునే పత్రం మీద, కార్మికుని టైమ్ కార్డు మీద అదే సంఖ్య ఉంటుంది. అందువలన ప్రత్యక్ష ముడిసరుకు, ప్రత్యక్ష శ్రమ ఏ జాబుకు ఎంత అయినదీ సులభంగా తెలుస్తుంది.

ఓవర్‌హెడ్స్

ఫ్యాక్టరీ అద్దె, సూపర్‌వైజరు జీతం, యంత్రాల తరుగుదల వంటి పరోక్ష వ్యయాల మీద ఏ జాబు సంఖ్యా ఉండదు. జాబ్ కాస్టింగులో అసలు చిక్కు ఇదే. ఒక శాఖకు మాత్రమే చెందిన ఖర్చును నేరుగా ఆ శాఖకు వేయడం కేటాయింపు. ఉమ్మడి ఖర్చును శాఖలకు పంచడం విభజన. ఉదాహరణకు అద్దెను ఆక్రమించిన వైశాల్యాన్ని బట్టి పంచుతారు. శాఖకు చేరిన మొత్తాన్ని జాబులకు వేయడం శోషణ. విద్యార్థులు ఈ మూడింటినీ తరచుగా కలగలుపుతుంటారు.

అసలు ఓవర్‌హెడ్స్ సంవత్సరాంతానికి గాని తెలియవు. వినియోగదారునికి ధర మాత్రం ముందే చెప్పాలి. కనుక అంచనా వేసిన ఓవర్‌హెడ్స్‌ను అంచనా వేసిన శ్రమ గంటలతోగాని, యంత్ర గంటలతోగాని భాగించి రేటును ముందుగానే నిర్ణయిస్తారు.

ఉదాహరణ

ఒక ముద్రణాలయపు వార్షిక ఓవర్‌హెడ్స్ అంచనా రూ. 12,00,000, శ్రమ గంటలు 12,000, యంత్ర గంటలు 6,000 అనుకొందాం. శ్రమ గంటకు రేటు రూ. 100, యంత్ర గంటకు రూ. 200 అవుతుంది. చేతిపని ఎక్కువగా ఉండే పెళ్ళి శుభలేఖల జాబుకు ముడిసరుకు, శ్రమ కలిపి రూ. 14,000, శ్రమ గంటలు 60, యంత్ర గంటలు 10. పాఠ్యపుస్తకాల జాబుకు ఆ రెండూ కలిపి రూ. 42,000, శ్రమ గంటలు 20, యంత్ర గంటలు 30.

శ్రమ గంటల ప్రకారం శుభలేఖల వ్యయం రూ. 20,000, పుస్తకాల వ్యయం రూ. 44,000. యంత్ర గంటల ప్రకారం అవే రూ. 16,000, రూ. 48,000. రెండు విధాలా మొత్తం రూ. 64,000 మాత్రమే. అయితే పుస్తకాల టెండరులో రూ. 46,000 కోట్ చేసిన యజమానికి మొదటి లెక్క రూ. 2,000 లాభం చూపుతుంది, రెండవది అంతే నష్టం చూపుతుంది. ఓవర్‌హెడ్స్‌లో అధికభాగం యంత్రాల వలననే కలుగుతున్నట్లయితే రెండవ లెక్కే వాస్తవానికి దగ్గర. మొదటి లెక్కను నమ్మిన యజమాని శుభలేఖలకు ఎక్కువ ధర చెప్పి ఆర్డర్లు పోగొట్టుకుంటాడు, నష్టం తెచ్చే పుస్తకాల పని మాత్రం అతనికి సులభంగా దొరుకుతుంది.

తక్కువ శోషణ, అధిక శోషణ

జాబులకు వేసిన మొత్తం రూ. 12,00,000 కాగా అసలు ఖర్చు రూ. 12,60,000 అయితే రూ. 60,000 తక్కువ శోషణ. స్వల్పమైతే దీనిని లాభనష్టాల ఖాతాకు మళ్ళిస్తారు. పెద్దదైతే అనుబంధ రేటుతో సర్దుతారు. ఆర్డర్లు తగ్గిన ఏడాది రేటు పెంచడం ప్రమాదకరం: ధర పెరిగి, ఉన్న ఆర్డర్లు కూడా తగ్గి, రేటు మరలా పెరుగుతుంది. భారతీయ అకౌంటింగు ప్రమాణం ఏ.ఎస్.-2 ప్రకారం కూడా సరుకు నిల్వల విలువకట్టేటప్పుడు స్థిర ఉత్పత్తి ఓవర్‌హెడ్స్‌ను సాధారణ ఉత్పత్తి సామర్థ్యం ఆధారంగానే పంచాలి.

చరిత్ర

యంత్ర గంటల రేటుకు ప్రాచుర్యం కల్పించినవారిలో అలెగ్జాండర్ హామిల్టన్ చర్చ్ ముఖ్యుడు. ఈ విషయంపై ఆయన వ్యాసాలు 1901లో వెలువడినవి. యంత్రీకరణ పెరిగి ప్రత్యక్ష శ్రమ వాటా తగ్గిన తరువాత, 1980లలో రాబిన్ కూపర్, రాబర్ట్ కాప్లాన్ యాక్టివిటీ బేస్డ్ కాస్టింగును ప్రచారంలోకి తెచ్చారు. ఇందులో యంత్రాన్ని సిద్ధం చేయడం, తనిఖీ వంటి ప్రతి కార్యకలాపానికీ వేరు రేటు ఉంటుంది. దీనికి సేకరించవలసిన సమాచారం ఎక్కువ కనుక చిన్న సంస్థలకు శాఖలవారీ రేట్లే ఆచరణయోగ్యం.