ఫైబర్ రాని ఊళ్లో ఏ ఇంటర్నెట్ మేలు?

వేగం కన్నా నిలకడే ముఖ్యం
రాత్రివేళ పరీక్షించాకే డబ్బు కట్టాలి

కరీంనగర్, ఆదిలాబాద్: కొలువు హైదరాబాద్ కంపెనీలో, కాపురం సొంతూళ్లో. 2020 మార్చి లాక్‌డౌన్‌తో ఊపందుకున్న ఈ పద్ధతి ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో సాగుతోంది. హాస్టల్ కిరాయి మిగులుతుంది. వృద్ధులైన తల్లిదండ్రులకు తోడు దొరుకుతుంది. అయితే సమావేశం మధ్యలో మాట తెగిపోవడం నెలలో నాలుగైదుసార్లు జరిగితే, ఆఫీసుకు వచ్చేయమని పిలుపు రావడం ఖాయం. అదే ఇంట్లో తమ్ముడు బీజీఎంఐ ఆడుతుంటే అన్నదమ్ముల మధ్య తగాదా అదనం. ఇంటి వాకిట్లోకి ఫైబర్ తీగ వచ్చిన వారికి ఈ బాధ తక్కువ. రాని వారు ఏం చేయాలన్నదే ప్రశ్న.

ముందు పంచాయతీలో విచారించాలి

ఫైబర్ లేదని నిర్ణయించుకునే ముందు గ్రామ పంచాయతీ కార్యాలయంలో ఒకసారి అడగడం మంచిది. గ్రామాలకు ఆప్టికల్ ఫైబర్ వేసే కేంద్ర పథకానికి 2011లో ఆమోదం లభించగా, 2015లో దానికి భారత్‌నెట్ అని పేరు మార్చారు. రాష్ట్రంలో మిషన్ భగీరథ పైపులైన్ల వెంట టీ-ఫైబర్ తీగలు వేశారు. 2024 డిసెంబరులో టీ-ఫైబర్ సేవలు ప్రయోగాత్మకంగా మొదలైన గ్రామాల్లో పెద్దపల్లి జిల్లాలోని అడవి శ్రీరాంపూర్ ఒకటి. పంచాయతీ భవనం దాకా వచ్చిన తీగ అక్కడే ఆగిపోయిన ఊళ్లూ ఉన్నాయి. అలాంటి చోట పది ఇళ్లవారు కలిసి దరఖాస్తు చేసుకుంటే కనెక్షన్ ఇచ్చేవారికీ గిట్టుబాటవుతుంది.

ఎంత వేగం అవసరం?

ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించేది డౌన్‌లోడ్ వేగం. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చినప్పుడు 256 కేబీపీఎస్‌నే గొప్పగా చెప్పుకొన్నాం. 2023 జనవరి నుంచి కనీసం 2 ఎంబీపీఎస్ ఉంటేనే బ్రాడ్‌బ్యాండ్‌గా పరిగణిస్తున్నారు. నిజానికి ఒక వీడియో సమావేశానికి రెండు వైపులా రెండు మూడు ఎంబీపీఎస్ నిలకడగా ఉంటే చాలు. ఇక్కడ ‘రెండు వైపులా’ అన్న మాట గమనించాలి. మన ముఖం, మన గొంతు అవతలి వారికి చేరేది అప్‌లోడ్ ద్వారానే. డౌన్‌లోడ్ 40 ఉండి అప్‌లోడ్ ఒకటి కూడా లేని కనెక్షన్‌తో సినిమా చూడవచ్చు గానీ ఉద్యోగం చేయలేం.

ఆటలకు ఇంకా తక్కువ వేగం చాలు. గంటసేపు ఆడినా ఖర్చయ్యే డేటా సాధారణంగా 100 ఎంబీ లోపే. అక్కడ కావలసింది పింగ్, అంటే మన ఫోను నుంచి బయల్దేరిన సంకేతం ఆట సర్వరును తాకి తిరిగి రావడానికి పట్టే సమయం. అది 50 మిల్లీసెకన్ల లోపు ఉంటే హాయిగా ఆడవచ్చు. 100 దాటితే తూటా మనం పేల్చాక కాసేపటికి పేలుతుంది. మన దేశంలో చాలా ఆటల సర్వర్లు ముంబయిలో ఉన్నాయి. మన జిల్లాల నుంచి అది గీత గీసినట్టు కొలిస్తే 600-700 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళుతుంది కనుక రానుపోను పది మిల్లీసెకన్లు కూడా పట్టదు. తీగల మార్గం చుట్టుతిరుగుడైనా మరికొంతే కలుస్తుంది. పింగ్ 150 చూపిస్తోందంటే ఆలస్యం చాలావరకు మన ఇంటికీ దగ్గరలోని టవరుకూ మధ్యనో, టవరు మీద రద్దీలోనో జరుగుతోందని అర్థం.

దారులు ఏమున్నాయి?

ఎక్కువ మందికి అందుబాటులో ఉన్నది 4జీ లేదా 5జీ సిమ్‌తో పనిచేసే రౌటర్. సొంతంగా కొనుక్కోవచ్చు. లేదా ఎయిర్‌ఫైబర్ పేరిట కంపెనీలే డాబా మీద యాంటెన్నా బిగించి ఇస్తున్నాయి. జియో ఈ సేవను 2023 సెప్టెంబరులో హైదరాబాద్ సహా ఎనిమిది నగరాల్లో ప్రారంభించింది. పేరులో ఫైబర్ ఉన్నా ఇంటికి వచ్చేది గాలిలోనే. ఇలాంటి వాటికి నెలసరి డేటా పరిమితి ఎంతో, అది దాటాక వేగం ఎంతకు పడిపోతుందో చేరేముందే అడగాలి. వీడియో సమావేశం గంటకు సుమారు ఒక జీబీ తింటుంది. రోజుకు రెండు జీబీ ఇచ్చే మామూలు మొబైల్ రీఛార్జి మధ్యాహ్న భోజనానికే అయిపోవచ్చు.

రెండోది స్థానిక ఆపరేటర్లు మండల కేంద్రంలోని టవరు నుంచి 5 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ ద్వారా ఇచ్చే కనెక్షన్. సరిగా కుదిరితే పింగ్ తక్కువ, ఆటగాళ్లకు ఇదే అనుకూలం. షరతు ఒక్కటే, మన డాబా నుంచి ఆ టవరు కంటికి కనిపించాలి. కరీంనగర్ వైపు బండరాళ్ల గుట్టలు అడ్డొస్తాయి. ఆదిలాబాద్ వైపు టేకు చెట్లు అడ్డొస్తాయి. ఈ విలేకరి ఒక ఏడాది మే నెలలో ఇలాంటి కనెక్షన్ పెట్టించుకోగా నెల రోజులు దివ్యంగా పనిచేసింది. వానలు పడి టేకు ఆకు వేసేసరికి ఫొటో ఒక్కటి పంపడానికి అరగంట పట్టేది. వేసవిలో టేకు మోడుగా ఉంటుందన్న సంగతి పెట్టినవారికీ తట్టలేదు, పెట్టించుకున్నవారికీ తట్టలేదు. ఎండాకాలంలో చేసిన పరీక్షను వానాకాలానికి నమ్మరాదు.

ఉట్నూరు, నార్నూర్, జైనూర్, తిర్యాణి వంటి ఏజెన్సీ మండలాల్లో ఎంపిక మరీ తక్కువ. సిగ్నల్ లేని గ్రామాలకు 4జీ అందించే పథకాన్ని కేంద్రం 2022 జులైలో ఆమోదించి బీఎస్ఎన్ఎల్‌కు అప్పగించింది. ఆ సంస్థ స్వదేశీ 4జీ 2025 సెప్టెంబరులో ప్రారంభమైంది. కొన్ని గూడేలకు అదొక్కటే దిక్కు కావచ్చు.

ఉపగ్రహ ఇంటర్నెట్ గురించీ చాలామంది అడుగుతున్నారు. 36 వేల కిలోమీటర్ల ఎత్తులోని పాత తరహా ఉపగ్రహాల ద్వారా అయితే పింగ్ అర సెకను దాటుతుంది. ఈ-మెయిల్‌కు సరే, ఆటకు పనికిరాదు. స్టార్‌లింక్ ఉపగ్రహాలు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి కనుక ఆ ఆలస్యం ఉండదు. ఆ సంస్థకు 2025 జూన్‌లో టెలికాం శాఖ లైసెన్సు లభించింది. మన ఊరికి సేవ ఉందో లేదో సంస్థ అధికారిక వెబ్‌సైట్‌లో చూసుకోవాలే తప్ప ఏజెంటునంటూ వచ్చిన వారికి అడ్వాన్సు ఇవ్వరాదు.

పరీక్ష ఇలా..

పొరుగింటి వారికి బాగా వస్తోందని మనం తీసుకోవడం పొరపాటు. తెలిసినవారి వద్ద ఒక్కో కంపెనీ సిమ్ అడిగి తెచ్చి, మూడు రోజుల పాటు ఉదయం 10 గంటలకు, రాత్రి 9 గంటలకు వేగం, అప్‌లోడ్, పింగ్ కొలిచి రాసుకోవాలి. రాత్రి 8 నుంచి 10 వరకు ఊరంతా ఫోన్లలోనే ఉంటుంది. టవరు అసలు సత్తా అప్పుడే తెలుస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగులలో సిమ్ స్థితి తెరిస్తే సిగ్నల్ బలం మైనస్ అంకెలో కనిపిస్తుంది. మైనస్ 90 మంచిది, మైనస్ 110 దాటితే కష్టం. రేకుల ఇంట్లో లోపల ఒక అంకె, వాకిట్లో మరో అంకె రావడం సహజం. అలాంటప్పుడు బయట యాంటెన్నా పెట్టి తీగను లోపలికి తెచ్చుకోవాలి. ల్యాప్‌టాప్‌ను వైఫైతో కాక లాన్ తీగతో రౌటర్‌కు కలిపితే సగం తగాదాలు తీరుతాయి.

ఉద్యోగం దీని మీదే ఆధారపడిన వారు రెండో కంపెనీ సిమ్ ఒకటి సిద్ధంగా ఉంచుకోవాలి. అయితే రెండు కంపెనీల పరికరాలూ ఒకే టవరు మీద ఉంటే కరెంటు పోయినప్పుడు రెండూ ఆగిపోయే ప్రమాదముంది. వేర్వేరు టవర్లవైతేనే ప్రయోజనం. రౌటర్‌కు 12 వోల్టుల చిన్న యూపీఎస్ తప్పనిసరి. డాబా మీది యాంటెన్నాకు ఎర్తింగ్ చేయించకుంటే ఒక్క పిడుగుకు ల్యాప్‌టాప్‌తో సహా పోవచ్చు. కోతుల బెడద ఉన్న ఊళ్లలో తీగను పీవీసీ పైపులోంచి దించాలి.

కనెక్షన్ తీసుకున్నాక చెప్పిన వేగం రాకుంటే కంపెనీ కాల్‌సెంటర్‌లో ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు తప్పక రాసుకోవాలి. పరిష్కారం కాకుంటే అదే నంబరుతో ఆ కంపెనీ అప్పీలు విభాగానికి వెళ్లవచ్చు. దీనికి రుసుము లేదు.