ఊరి పెట్టె నుండి ఇంటి తాళము వరకు

1975 ఆగస్టు 1వ తేదీ నుండి ఏడాదిపాటు పాలమూరు జిల్లా పల్లెలు కొన్ని ఒక వింతను చూచినవి. ‘సైట్’ అను ప్రయోగములో అమెరికా ఉపగ్రహము ఏ.టి.ఎస్.-6 ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజను ప్రసారములను అందించెను. ఉదయము బడిపిల్లలకు, సాయంత్రము పెద్దలకు. ఊరికి ఒకే పెట్టె. చూచుట నలుగురి నడుమ. పిల్లలకేమి తగునో ప్రసారకులే నిర్ణయించిరి.

సినిమాహాలుకు వేరొక కావలి యుండెను. 1952 నాటి చట్టము క్రింద చిత్రములు ‘యు’, ‘ఎ’ ముద్రలు పొందెను. 1983లో ‘యు/ఎ’ చేరెను. పిల్లవానిని ఆపుటకు గేటుకడ మనిషి యుండెను.

నేడు హాలే చేతిఫోనులో నున్నది, గేటు లేదు. అందుచేత 2021 ఫిబ్రవరి నాటి నియమములు ఓటీటీ సంస్థలకు 7, 13, 16 ఏండ్ల తరగతులను విధించి, 13 ఏండ్ల తరగతి మొదలు పైవాటికి తాళముండవలెనని శాసించినవి. తాళము వేయుట కష్టము గాదు: పిల్లల పేర వేరు ప్రొఫైలు తెరచి, వయస్సు నిర్ణయించి, పెద్దల ప్రొఫైలుకు పిన్ పెట్టవలెను.

కాని నల్లగొండ, పాలమూరు ఇండ్లలో పలుచోట్ల ఫోను మర్మమెరిగినది పిల్లవాడే. వానిచేతనే వేయించిన తాళము తాళమగునా? కూలికై వలసపోవు తల్లిదండ్రులు పిల్లలను అవ్వతాతలకడ విడిచిపోవుదురు. పోవుటకు ముందే పిన్ పెట్టి, అవ్వకు చెప్పి పోవలెనని మా మనవి. ఊరి పెట్టెముందు నలుగురుండిరి. ఇంటి ఫోనుకడ ఒక్కరైనను ఉండవలదా?