మీ ఇంటి ముందు కంకర వెనక 200 ఏళ్ల కథ

ఈ ఎపిసోడ్ మా నాన్న మోకాలితో మొదలవుతుంది.

పోయినేడాది ఊళ్లో ఇల్లు కట్టాం. గేటు నుంచి పోర్టికో దాకా ఓ నలభై అడుగుల దారి. సిమెంటు వద్దు, వాన నీళ్లు ఇంకాలి అని నేనే పట్టుబట్టాను. ఇన్‌స్టాలో చూసి నున్నటి తెల్ల గులకరాళ్లు ఒక లోడు తెప్పించాను. ఫొటోలు అదిరిపోయాయి. రెండో వారం నాన్న స్కూటీ తిప్పుతుంటే ముందు చక్రం రాళ్లలో దిగబడి పడిపోయారు. మోకాలికి ఆరు కుట్లు. నన్ను తిట్టలేదు. మంచం మీద నుంచి ఒకటే అడిగారు: "ఒరేయ్, రైలు పట్టాల కింద ఎప్పుడైనా గుండ్రాళ్లు చూశావా?"

బీటెక్ చదివాను కదా, జవాబు తెలియాలి. తెలీదు. (నాది కంప్యూటర్స్ లెండి.) వెతుకుతూ పోతే జాన్ లౌడన్ మెకాడం అనే ఆయన దొరికాడు.

ఈయన 1756లో స్కాట్లాండ్‌లో పుట్టాడు. చిన్నప్పుడే న్యూయార్క్ వెళ్లి, అక్కడ వ్యాపారం చేసి, 1783లో తిరిగొచ్చాడు. ఇంజినీరుగా ఎక్కడా చదువుకోలేదు. కానీ రోడ్ల పిచ్చి. సొంత డబ్బు పెట్టుకుని ఊరూరా తిరిగి రోడ్లు ఎందుకు పాడవుతున్నాయో చూశాడు. 1816లో బ్రిస్టల్ చుట్టుపక్కల రోడ్ల బాధ్యత ఆయనకిచ్చారు.

అప్పటిదాకా పద్ధతి ఏంటంటే, అడుగున పెద్ద బండలు, పైన ఏది దొరికితే అది. గుండ్రాళ్లు, మట్టి, సుద్ద, అన్నీ కలిపి పోసేవాళ్లు. మెకాడం ఇవన్నీ వద్దన్నాడు. బండి బరువు మోసేది అడుగున బండ కాదు, పొడిగా ఉన్న నేల. నేల తడవకుండా పైన ఒక కప్పు ఉంటే చాలు. ఆ కప్పు పగలగొట్టిన రాయితోనే వేయాలి. ఎందుకంటే పగిలిన రాయికి కోణాలుంటాయి. బండ్లు తిరిగేకొద్దీ ఒకదాని కోణం ఇంకోదాని సందులో బిగుసుకుంటుంది. గుండ్రాయికి ఆ పట్టు లేదు, పక్క రాయి మీద దొర్లుతుంది. మా నాన్న ప్రశ్నకి జవాబు ఇదే.

సైజు విషయంలో ఈయన లాజిక్ నాకు భలే నచ్చింది. చదునైన నేలకి బండి చక్రం పొడవునా ఆనేది దాదాపు ఒక అంగుళమే. రాయి అంతకంటే పెద్దదైతే చక్రం దాని ఒక అంచు మీద ఎక్కుతుంది, రెండో అంచు పైకి లేస్తుంది. అలా లేచి లేచి రోడ్డు చెదిరిపోతుంది. పని జరిగే చోట మాత్రం తూకం పెట్టాడు: ఆరు ఔన్సులు, అంటే సుమారు 170 గ్రాములు, దాటిన రాయి పనికిరాదు. రాయి కొట్టేవాళ్లు కూర్చుని, చిన్న సుత్తితో కొట్టాలన్నాడు. అలాగైతే ఆడవాళ్లు, పిల్లలు, బరువు పనులు చేయలేని ముసలివాళ్లు కూడా చేయగలరట. రోడ్డు పక్కన ఎండలో కూర్చుని కంకర కొట్టే ఆడవాళ్లని మన దగ్గర కూడా నాన్న తరం చూసింది. ఆ నున్నటి రోడ్డు కింద వాళ్ల చేతులున్నాయి, పేరు మాత్రం ఆయనది.

పేరంటే గుర్తొచ్చింది. శిలాఫలకాల మీద 'డబ్ల్యూబీఎం రోడ్డు' అని చూస్తుంటాం కదా? వాటర్ బౌండ్ మెకాడం. ఆ ఎం ఈయనే! అయితే అందులో నీళ్లు, మొరం కలిపి రోలర్ తొక్కిస్తారు. మట్టి కలిపితే ఈయన ఒప్పుకునేవాడు కాదు. తర్వాత కార్లు వచ్చి దుమ్ము లేస్తుంటే కంకరకి తారు కలిపారు. 1902లో హూలీ అనే ఇంగ్లిష్ సర్వేయర్ పేటెంట్ తీసుకున్న టార్మాక్‌లో 'మాక్' కూడా ఈయన పేరు ముక్కే.

ఇక మా దారి. గులకరాళ్లన్నీ ఎత్తించాను. నేల గట్టిగా కుదించి, నీళ్లు నిలవకుండా మధ్యలో కాస్త ఎత్తు పెట్టించాను. అడుగున 40 ఎంఎం కంకర, పైన 20 ఎంఎం, పొరపొరకీ రోలర్. పక్కలకి జారిపోకుండా రెండు వైపులా రాతి అంచు. 20 ఎంఎం అంటే అంగుళం కంటే కొంచెం తక్కువ, గమనించారా? తెల్ల రాళ్లు ఇప్పుడు తులసికోట చుట్టూ ఉన్నాయి, అక్కడ బాగున్నాయి.

మొన్న నాన్న మళ్లీ స్కూటీ తీశారు. గేటు దగ్గర ఆగి, చెప్పు కాలితో కంకరని రెండుసార్లు గట్టిగా తొక్కి చూసి, అప్పుడు ఎక్కారు.