కంప్యూటర్లు ఇంటికి పోయిన ఏడాది

దగ్గరికి జరుగుండ్రి బిడ్డా, చలి ముదురుతున్నది. ఆ తుమ్మమొద్దును కొంచెం మంటలకు నూకు. కరోనా ముచ్చట చెప్పమంటిరి గదా. ఆ యేడు మీల ఒకడు ఇంకా పాకుతుండె, ఇంకొకరు పుట్టనే లేదు. మాస్కులు, టీకాలు ఎట్లనో మీరు బడిల విన్నరు. నేను చెప్పేది మాదాపూర్ ముచ్చట. అక్కడ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీల ట్రాన్స్‌పోర్ట్ డెస్క్ మీద నా కొలువు. ఎవరిని ఏ క్యాబుల ఎక్కియ్యాలె, రాత్రి షిఫ్టు ఆడపిల్లల వెంట ఏ గార్డును తోలియ్యాలె, ఇదే నా పని.

1998ల మాదాపూర్ల సైబర్ టవర్స్ అనే ఐటీ మేడ తెరిచిన సంది ఆ బండల నేల మీద ఒక్క కంప్యూటరోళ్ళే బతకలే. తెల్లారకముందే ఇడ్లీ పిండి రుబ్బేటోళ్ళు, హాస్టళ్ళు నడిపేటోళ్ళు, అద్దాలు తుడిచేటోళ్ళు, గేటు కాడ నిలబడేటోళ్ళు, ఫైనాన్సుల కారు తీసి కంపెనీకి పెట్టిన డ్రైవర్లు, అందరి పొయ్యిలు ఆ మేడలను నమ్ముకునే వెలిగినయి.

2020 మార్చి మొదటి వారంలనే భయం చొరబడ్డది. మాదాపూర్ దిక్కే ఉన్న మైండ్‌స్పేస్ ఆఫీసులల్ల ఒకామెకు లక్షణాలున్నయని మాట లేస్తే బిల్డింగు ఖాళీ చేసిన్రు. ఆ జబ్బు కాదని పుణె ల్యాబు నుంచి రిపోర్టు వచ్చింది గని, జనాల గుబులు పోలే. 22న జనతా కర్ఫ్యూ. 24 రాత్రి ప్రధాని టీవీలకొచ్చి 21 రోజులు దేశమంత బంద్ అని చెప్పిన్రు. ఇగ పని ఇంటి నుంచే చెయ్యాలె.

ఇయ్యాల ల్యాప్‌టాప్ సంకల పెట్టుకొని యాడికైన పోయి పని చేసుడు మీకు మామూలే. అప్పుడు చానామంది ముంగట ఉన్నది పెద్ద డెస్క్‌టాపు. పరదేశపు బ్యాంకుల పని చేసే గదులకు ఫోను గాదు, కాయితం ముక్క గూడ తీసుకపోనియ్యకపోయేది. ఆ లెక్కలు ఇంట్ల తెరవాలంటే క్లయింటు ఒప్పుకోవాలె. సెజ్‌లల్ల, అంటే ఎగుమతుల కోసం సర్కారు పెట్టిన ప్రత్యేక జాగలల్ల, సామాను సుంకం లేకుండ తెచ్చింది, గేటు దాటాలంటే సర్కారు పర్మిషన్ కావాలె. కాల్ సెంటర్ల మనుషులు ఇంటి నుంచి పని చెయ్యాలంటే కంపెనీ టెలికాం శాఖకు కోటి రూపాయల డిపాజిట్ కట్టాలని ఒక రూలుండె. మార్చి 13న దాన్ని సడలించిన్రు. ఏండ్ల సంది జరగని రూళ్ళు రోజులల్ల జరిగినయి.

మా సిస్టమ్స్ పోరగాళ్ళు నిద్ర లేకుండ ఒక్కొక్క మిషన్ల వీపీఎన్ ఎక్కిచ్చిన్రు. వీపీఎన్ అంటే నడి బజార్ల ఇంటి నుంచి ఆఫీసు దాక ఎవరికి కనబడకుండ తవ్వుకున్న సొరంగం అనుకోండ్రి. మా డ్రైవర్లు ఆ సీపీయూలను సీట్ల మీద కూసోబెట్టి బెల్టులు బిగిచ్చి, పోలీసులకు పాసు చూపెట్టుకుంట కూకట్‌పల్లి, మియాపూర్, ఉప్పల్ దాక ఇంటింటికి దించొచ్చిన్రు. మూతికి దస్తీ కట్టుకున్నరు గని ఒక్కడు రానని అనలే. సముద్రాలవతల బ్యాంకుల పని ఆ రోజులల్ల ఆగలేదంటే, అందుల ఆ డ్రైవర్ల చెమట గూడ ఉన్నది.

హాస్టళ్ళ పిల్లల గోస ఇంకోతీరు. అమీర్‌పేట, ఎస్సార్‌నగర్ దిక్కు మార్చి 25న హాస్టళ్ళు ఖాళీ చెయ్యమన్నరు. ఊళ్ళకు పోయే కాయితాల కోసం ఠాణాల ముంగట బార్లు కట్టిన్రు. ఆ కాయితాలు పట్టుకొని ఆంధ్రా దిక్కు పోయినోళ్ళను సరిహద్దుల గరికపాడు చెక్‌పోస్టు కాడ ఆపిన్రు. ఎండల, రాత్రిపూట, రోడ్డు మీదనే ఉన్నరు పాపం. ఆ తర్వాత హాస్టళ్ళు మూయొద్దని సర్కారు చెప్పింది.

ఊళ్ళు చేరినోళ్ళేమో డాబా మీద ఒక మూల, చెరువు కట్ట మీద ఒక మూల సిగ్నల్ వెతుక్కున్నరు. కరెంటు పోతే పాణం పోయినట్టే. ఇంటోళ్ళు గూడ నేర్చుకున్నరు, కొడుకు మీటింగుల ఉంటే మిక్సీ బంద్, టీవీ బంద్. 2021 ఏప్రిల్, మే నెలలల్ల రెండో అల వచ్చినప్పుడు కోడ్ రాసే చేతులే ఆక్సిజన్ యాడున్నది, ఏ దవాఖానల మంచం ఖాళీ ఉన్నదని పట్టికలు కట్టినయి. రాత్రి మాట్లాడిన మనిషి వారానికి లేకపోయేది. ఆ నెలలు తలుసుకుంటే ఇయ్యాలటికి గుండె బరువైతది.

అంత గోసల గూడ పని ఆగలే. తెలంగాణ ఐటీ ఎగుమతులు 2019-20ల 1,28,807 కోట్లుంటే, 2021-22ల 1,83,569 కోట్లయినయి. కొలువులు 5.82 లక్షల నుంచి 7.78 లక్షలకు పెరిగినయి. దునియా అంత దుకాణం, బడి, బ్యాంకు ఫోన్లకు మార్చుకుంటుంటే ఆ పని మన పిల్లలకొచ్చింది. జీతాలు పెంచి ఒకరి మనుషులను ఒకరు గుంజుకున్నరు. ఆ ఊపుల లెక్కకు మించి తీసుకున్న అమెరికా కంపెనీలు 2022 ఆఖర్ల తీసేసుడు షురూ చేసినయి. మెటా 11,000 మందిని, ఆ తర్వాత గూగుల్ 12,000 మందిని. అమెరికాల హెచ్-1బి వీసా మీదున్న మన పిల్లలకు కొలువు పోతే 60 రోజుల గడువే.

కంపెనీ రోల్స్ మీదున్నోళ్ళకు ఇంట్ల కూసున్నా నెల తిరిగితే జీతం పడ్డది. నాకు పడ్డది. కాంట్రాక్టు మీదున్న డ్రైవర్లకు, హౌస్‌కీపింగ్ అమ్మలకు, క్యాంటీనోళ్ళకు బండి తిరిగితేనే బిల్లు, చీపురు పడితేనే కూలి. 2025 నాటికి నూటికి 25 మంది ఆఫీసుల ఉంటే చాలని టీసీఎస్ అనే పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ 2020లనే చెప్పింది. ఆ మాట విన్న డ్రైవర్లు ఇగ మాదాపూర్ మనకు లేదనుకున్నరు. కిస్తీలు కట్టలేక కార్లు అమ్మి కూరగాయలు అమ్మినోళ్ళున్నరు, ఊరికి పోయి దున్నుకున్నోళ్ళున్నరు. అదే టీసీఎస్ 2023 అక్టోబర్ నుంచి వారంల ఐదు రోజులు ఆఫీసుకు రమ్మన్నది. మేడలు మళ్ళ నిండినయి. నేను ఫోన్లు చేస్తే పాత డ్రైవర్లు సగం మంది రాలే. వాళ్ళ దగ్గర కారు లేదు.

లక్షల కోట్ల లెక్క సర్కారు పుస్తకాల ఉన్నది, అది మీకు యాడనైన దొరుకుతది. సీపీయూలకు బెల్టు బిగిచ్చి దించొచ్చినోళ్ళ లెక్క ఎవరు రాయలే. రేపు మీరు పెద్ద కొలువులల్ల కూసుంటరు, మీల ఒకరు కంపెనీనే పెడుతరేమో. గప్పుడు కాంట్రాక్టు కాయితం మీద సంతకం చేసే ముందు ఒక్క లైను రాయించుండ్రి బిడ్డా: ఆపద వచ్చి పని ఆగినా, వీళ్ళ జీతం ఆగొద్దని.