ఎండకు గెడ్డ తోడైతే గూడేనికి వెలుగు
తక్కువ ఖర్చుతో హైబ్రిడ్ మైక్రోగ్రిడ్ రూపకల్పన ఇలా..

పాడేరు: మన్యంలో కొండలపై దూరదూరంగా ఉండే గూడేలకు విద్యుత్తు లైను వేయడం వ్యయప్రయాసలతో కూడిన పని. లైను ఉన్నా గాలివానకు చెట్లు కూలితే అంధకారం తప్పదు. ఇటువంటి చోట్ల ఉపకరించేదే హైబ్రిడ్ మైక్రోగ్రిడ్. రెండు మూడు వనరుల నుంచి స్థానికంగా విద్యుత్తును ఉత్పత్తి చేసి, ఆ ఊరికే సరఫరా చేసే చిన్న వ్యవస్థ ఇది.

ముందు అవసరం లెక్క
పరికరాల కొనుగోలుకు ముందే వాడకాన్ని లెక్కించాలి. ఉదాహరణకు 60 ఇళ్ల గూడేన్ని తీసుకుందాం. ఇంటికి 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు నాలుగు 5 గంటలు, 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను 10 గంటలు వాడితే, టీవీ, సెల్‌ఫోన్లతో కలిపి రోజుకు 0.6 యూనిట్లు సరిపోతుంది. ఊరంతటికీ 36 యూనిట్లు. వీధిదీపాలు, పిండిమరకు మరో 8 యూనిట్లు. నష్టాలకు నాలుగో వంతు కలిపితే 55 యూనిట్లు. పాత తరహా 75 వాట్ల ఫ్యాన్లే వాడితే ఇళ్ల వాడకం దాదాపు రెట్టింపవుతుంది. పొదుపు పరికరాలే తొలి పెట్టుబడి.

వానాకాలానికి జలశక్తి
ఒక కిలోవాటు సౌరఫలకాలు సగటున రోజుకు 4 యూనిట్లు ఇస్తాయి. పై అవసరానికి 14 కిలోవాట్లు చాలు. ముసురు పట్టినప్పుడు మాత్రం ఉత్పత్తి బాగా పడిపోతుంది. సరిగ్గా అప్పుడే గెడ్డలు నిండుగా పారుతాయి. 200 లీటర్ల డ్రమ్ము 10 సెకన్లలో నిండేంత ధారను 20 మీటర్ల ఎత్తు నుంచి చిన్న టర్బైనుపైకి మళ్లిస్తే సుమారు 2 కిలోవాట్లు, అంటే రోజుకు 47 యూనిట్లు లభిస్తాయి. ఆ నీరు తిరిగి గెడ్డలోకే చేరుతుంది. వేసవిలో ధార సన్నగిల్లినా ఎండ ఆదుకుంటుంది. సౌరవిద్యుత్తు ఒక్కటే అయితే రెండు మూడు మబ్బు రోజులకు సరిపడా బ్యాటరీలు కావాలి. గెడ్డ తోడుంటే ఒక రాత్రికి సరిపడా చాలు. కొన్నేళ్లకోసారి మార్చక తప్పని బ్యాటరీల భారం తగ్గడమే ఇక్కడ అసలు ఆదా. పిండిమరను పగలే నడిపితే మరింత కలిసివస్తుంది. ధారను వేసవిలోనూ, వానల్లోనూ కొలిచిన తర్వాతే టర్బైను ఎంచుకోవాలి.

ధర్నయి పాఠం
బిహార్‌లోని జెహానాబాద్ జిల్లా ధర్నయిలో 2014లో 100 కిలోవాట్ల సౌర మైక్రోగ్రిడ్ ప్రారంభమైంది. దేశమంతటి దృష్టినీ ఆకర్షించింది. అనంతరం ప్రభుత్వ విద్యుత్తు తక్కువ ధరకు అందింది. బ్యాటరీలు దెబ్బతిన్నాయి. నిర్వహణ కొరవడి కొన్నేళ్లకే ఆ వ్యవస్థ మూలనపడింది.

అందువల్ల స్తంభాలు, తీగలు ప్రభుత్వ ప్రమాణాలకు తగినట్లే వేయాలి. రేపు లైను వచ్చినా అనుసంధానం సాధ్యమవుతుంది. ఇంటింటికీ వాడక పరిమితి, నెలవారీ రుసుము గ్రామసభలో నిర్ణయించాలి. అందులో కొంత బ్యాటరీల నిధికి జమచేయాలి. ఊరి యువకులిద్దరికి మరమ్మతుల్లో శిక్షణ ఇప్పించాలి. ఈ ఏర్పాట్లు లేకపోతే ఎంత ఖరీదైన వ్యవస్థ అయినా గూడెం మళ్లీ చీకట్లోకే జారుతుంది.