మెతో-కంగ్మి నుంచి మంచు మనిషి దాకా: ఒక జానపద జీవి నామచరిత్ర

హిమాలయ జానపద గాథలలోని యెతిని గురించి వెలువడిన రచనలలో అధికభాగం ఆ జీవి ఉన్నదా, లేదా అన్న ప్రశ్న చుట్టూ తిరిగినవే. జంతుశాస్త్రానికి అది ప్రధానమైన ప్రశ్న కావచ్చు. జానపద విజ్ఞాన పరిశోధకుడు అంతకంటె ముందు తేల్చుకోవలసినది వేరొకటి ఉంది. షెర్పాలు, టిబెటన్లు పలికిన మాట ఏది? విన్నవారు దానిని ఏమని రాసుకున్నారు? ఈ రెండింటి నడుమ ఏర్పడిన ఎడమే ఇరవయ్యో శతాబ్దపు యెతి కథకు మూలం.

ఆంగ్ల రచనలలో ఈ జీవి ప్రస్తావన 1832 నాటికే కనిపిస్తుంది. కాఠ్‌మాండూ రెసిడెన్సీలో అధికారిగా ఉన్న బ్రయన్ హాటన్ హాడ్జ్‌సన్ నేపాల్ క్షీరదాలపై బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో రాసిన వ్యాసంలో, తన వేటగాళ్లు నిలువుగా నడిచే, పొడవైన నల్లని రోమాలు గల, తోక లేని ఒక జీవిని చూచి, తుపాకి పేల్చడం మాని పారిపోయారని పేర్కొన్నాడు. వారు దానిని ‘రాక్షస్’ అనుకున్నారు. హాడ్జ్‌సన్ వారి మాటను నమ్మలేదు. అది ఒరాంగుటాన్ కావచ్చునని ఊహించి, ఆ ఊహనూ సందేహించాడు. ఇక్కడ గమనించదగినది ఆ పదమే. వేటగాళ్లు తాము చూచినదానికి తమ పురాణ పరిజ్ఞానం నుంచి పేరు తీసుకున్నారు. అధికారి తన జంతుశాస్త్రం నుంచి తీసుకున్నాడు. ఇద్దరూ చేసిన పని ఒక్కటే.

1889లో సిక్కిం మంచులో పెద్ద అడుగుజాడలను చూచిన వాడెల్ మరింత జాగ్రత్త వహించాడు. 1899లో వెలువడిన తన హిమాలయ యాత్రాగ్రంథంలో వాటిని ఎలుగుబంటివిగా నిర్ణయించాడు. ఎందరిని ప్రశ్నించినా, ప్రతి వృత్తాంతమూ చివరకు ఎవరో చెప్పగా మరెవరో విన్నదిగానే తేలిందని రాశాడు. జానపద కథనానికి ఇది సహజ లక్షణం. వాడెల్ మాత్రం దానిని లోపంగా లెక్కించాడు.

అసలు మలుపు 1921లో వచ్చింది. ఎవరెస్టు పరిశీలక యాత్రకు నాయకుడైన హోవర్డ్-బ్యూరీ లక్పా లా కనుమ దగ్గర కొన్ని జాడలను చూచి, అవి తోడేలువి కావచ్చునని భావించాడు. కూలీలు మాత్రం వాటిని ‘మెతో-కంగ్మి’వి అన్నారు. యాత్ర ముగిసిన తరువాత కలకత్తా ‘స్టేట్స్‌మన్’ పత్రికకు రాసే హెన్రీ న్యూమన్ డార్జిలింగులో ఆ కూలీలను కలిసి వివరాలు సేకరించాడు. ‘మెతో’ అన్న మాటకు ‘మురికి, రోత’ అన్న అర్థం చెప్పుకొని, ఆ జీవికి ఆంగ్లంలో ‘అబామినబుల్ స్నోమాన్’ అని నామకరణం చేశాడు. టిబెటన్ భాషలో ‘కంగ్’ అంటే మంచు, ‘మి’ అంటే మనిషి. ‘మెతో’కు మూలం ‘మి-తే’ అన్న సమాసమని తరువాతి పరిశీలకులు గుర్తించారు. అందులోని రెండవ భాగాన్ని ఎలుగుబంటిని తెలిపే ‘ద్రెద్’ శబ్దంతో ముడిపెడతారు. అంటే కూలీలు చెప్పినది సుమారుగా ‘మనిషి-ఎలుగు, మంచు మనిషి’. రోత అన్నది వారి నోట వెలువడని మాట. ‘యెతి’ శబ్దానికి చెప్పే వ్యుత్పత్తులలో ఎక్కువ ఆమోదం పొందినది కూడా ‘రాతిచోట్ల ఎలుగుబంటి’ అన్నదే. పశువులను చంపి తినే దానికి షెర్పాలు ‘జు-తే’, అనగా పశువుల ఎలుగు, అని వేరే పేరు పెట్టుకున్నారు. ఈ వర్గీకరణ కొండల్లో జడలబర్రెలను మేపుకునే వారి అనుభవంలో నుంచి పుట్టినది. ఆంగ్లనామం దానినంతా చెరిపివేసింది.

తెలుగులో వాడుకైన ‘మంచు మనిషి’, ‘హిమమానవుడు’ అన్న మాటలు ఆంగ్లం ద్వారా వచ్చినవే అయినా, విశేషణాన్ని విడిచిపెట్టడంవల్ల అనుకోకుండా ‘కంగ్మి’కి సరియైన అనువాదాలైనాయి. ‘యెతి’ని ‘యతి’గా రాయడం మాత్రం సన్న్యాసిని, ఛందస్సును ఒకేసారి తలపుకు తెచ్చే ఇబ్బంది కలిగిస్తుంది.

1951లో మెన్‌లుంగ్ హిమానీనదం మీద ఎరిక్ షిప్టన్ తీసిన అడుగుజాడ ఛాయాచిత్రం తరువాత అన్వేషణ పత్రికల వ్యాపారంగా మారింది. 1954లో లండన్ ‘డెయిలీ మెయిల్’ ఒక యాత్రను నడిపించింది. అందులో విశ్వమయ్ విశ్వాస్ అనే భారతీయ జంతుశాస్త్రవేత్త కూడా ఉన్నాడు. ఆ దశాబ్దిలోనే నేపాల్ ప్రభుత్వం యెతి అన్వేషణకు 5,000 రూపాయల రుసుము విధించి, ఆత్మరక్షణకు తప్ప దానిని చంపరాదని నియమం చేసింది.

షెర్పాల కథలలోని యెతి ఈ యాత్రలు వెదకిన జంతువు కాదు. పాంగ్‌బోచే గోంపా ఐతిహ్యంలో అది లామా సంగ్వా దోర్జేకు నీరు, వంటచెరకు మోసుకువచ్చిన పరిచారకుడు. మరొక కథలో అది అనుకరణకు లొంగే జీవి. పంటలను పాడుచేస్తున్న యెతుల ఎదుట గ్రామస్థులు కల్లు తాగి కర్రకత్తులతో పోట్లాడినట్లు నటించి, రాత్రికి మద్యాన్ని, నిజమైన కత్తులను అక్కడ వదిలి వెళతారు. యెతులు వారిని అనుకరించి ఒకదానినొకటి నరుక్కుంటాయి. టోపీల వ్యాపారి, కోతుల కథ తెలిసిన తెలుగు పాఠకునికి ఈ కథాంశం కొత్త కాదు. అయితే మన కథలో పోగొట్టుకున్నవి తిరిగి వస్తాయి. ఇక్కడ ఒక జాతి నశిస్తుంది. నేడు యెతులు కనిపించకపోవడానికి షెర్పాలు చెప్పుకునే కారణాలలో ఇదొకటి. లేమిని వివరించే కథను ఉనికికి సాక్ష్యంగా చదవడం అన్వేషకులు చేసిన పెద్ద పొరపాటు.

1960లో ఎడ్మండ్ హిల్లరీ బృందం ఖుంజుంగ్ గోంపాలోని ‘యెతి నెత్తిచర్మాన్ని’ ఆరు వారాల గడువుకు అరువు తీసుకుంది. ఊరి పెద్ద ఖుంజో చుంబి దానికి తోడుగా షికాగో, పారిస్, లండన్ నగరాలకు వెళ్లాడు. అది సీరో అనే కొండమేకజాతి మృగపు తోలుతో మలచినదని శాస్త్రజ్ఞులు తేల్చారు. 2017లో షార్లట్ లిండ్‌క్విస్ట్ బృందం యెతివిగా భావించిన తొమ్మిది నమూనాల జన్యువులను పరీక్షించగా, ఎనిమిది ఎలుగుబంట్లవి, ఒకటి కుక్కది. 1921లో డార్జిలింగు కూలీలు పలికిన సమాసంలో ఎలుగుబంటి అప్పటికే ఉంది. ఖుంజుంగ్ నెత్తిచర్మం మాత్రం గడువులోగా గోంపాకు తిరిగి చేరి, పూర్వంవలెనే పవిత్ర వస్తువుగా అక్కడ నిలిచింది.