నారాయణ్‌గావ్ నురగ

1982 జనవరి 18. బొంబాయి మిల్లుల భోంగా, అంటే సైరన్, మోగింది. గేట్ల దగ్గర పోలీసులున్నారు, లోపలికి పోయేవాళ్లే లేరు. దత్తా సామంత్ పిలుపుతో దాదాపు రెండున్నర లక్షల మంది సమ్మెకు దిగిన రోజది. వర్లీ బీడీడీ చాళ్లలో (ఒక్కో ఖోలీ, అంటే గది, నూట అరవై చదరపు అడుగులు) కరీంనగర్, వరంగల్, నల్లగొండల నుంచి వచ్చి మగ్గాల మీద బతికిన పద్మశాలి కుటుంబాలు ఆ పొద్దున గ్యాలరీల్లో నిలబడి కిందికి చూస్తున్నాయి.

"సంపు ఎన్ని దినాలుంటది బావా?"

"నెల. మహా అయితే రెండు నెల్లు."

ఈ రెండు మాటలూ నేను కల్పించినవే. సమ్మె ముగిసిందని అధికారికంగా ప్రకటించినవాళ్లు మాత్రం ఈనాటికీ లేరు. కొందరు భివండీ పవర్‌లూమ్‌లకు వెళ్లారు, కొందరు ఊరి బస్సెక్కారు. కామాఠిపురలోని తెలుగు ఇళ్లలో ఆడవాళ్ల బీడీల చాట మీద సంసారం నడిచింది.

సరిగ్గా ఆ ఏళ్లలోనే ఇదే నగరంలో ఒక పారిశ్రామికవేత్త షాంపేను గురించి ఆలోచిస్తున్నాడు. ఆయన పేరు శ్యామ్‌రావ్ చౌగులే, ఇండాజ్ గ్రూపు యజమాని. తర్వాతి కాలంలో ఆ కుటుంబ వ్యాపారానికి చిరునామా అయిన ఇండాజ్ హౌస్ ఉన్నది వర్లీలోనే, అనీబిసెంట్ రోడ్డు మీద. చాళ్లకు అది పెద్ద దూరమేమీ కాదు.

చౌగులే ఫ్రాన్సులోని పైపర్ హైడ్‌సిక్ సంస్థ సాంకేతిక సాయం తీసుకున్నాడు. రఫాయెల్ బ్రిస్బా అనే యువ వైన్ నిపుణుడు అక్కడి నుంచి వచ్చాడు. పుణె జిల్లా నారాయణ్‌గావ్ దగ్గర, సముద్ర మట్టానికి దాదాపు 750 మీటర్ల ఎత్తున, సహ్యాద్రి వాలులో స్థలం కుదిరింది. కంపెనీకి షాంపేన్ ఇండియా అని పేరు పెట్టారు. తమ ప్రాంతంలో పుట్టని సరుకుకు ఆ పేరు తగదని ఫ్రాన్సులోని షాంపేన్ ప్రాంతం వాళ్లు ప్రపంచమంతా కోర్టులకెక్కే రోజుల్లో ఆ పేరు పెట్టడానికి గుండె ధైర్యం ఉండాలి.

నారాయణ్‌గావ్‌లో అసలు తంటా ఎండతోనే. ఫ్రాన్సు చలికి ద్రాక్ష తీగ శీతాకాలమంతా నిద్రపోతుంది. మహారాష్ట్రలో దానికి నిద్రన్నదే లేదు. వదిలేస్తే ఏడాది పొడుగునా చిగురిస్తూనే ఉంటుంది. అందుకని ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరు ప్రాంతంలో మరోసారి కత్తెర వేసి, పంటను మాత్రం ఫిబ్రవరి, మార్చిల్లో ఒక్కసారే తీస్తారు. షాంపేన్‌లో సెప్టెంబరులో, చల్లబడే రోజుల్లో కోత. ఇక్కడ రోజురోజుకీ ఎండ ముదిరే వేళ. చల్లపొద్దు ఉండగానే గుత్తులు కోసి, వెచ్చబడకముందే గానుగకు చేర్చాలి. పులుపు దిగిపోయిన కాయతో బుడగల వైన్ కుదరదు. అక్కడ సున్నపురాతి సొరంగాలు ఏడాదంతా తమంతట తామే చల్లగా ఉంటాయి. ఇక్కడ ఆ చలిని కరెంటుతో కొనుక్కోవాలి.

తయారైన వైన్‌ను సీసాలో పోసి, లీటరుకు ఇరవై నాలుగు గ్రాముల చక్కెర, కాస్త ఈస్టు వేసి మూత బిగిస్తారు. లోపల రెండోసారి పులుస్తుంది. పుట్టిన వాయువు బయటికి పోయే దారిలేక వైన్‌లోనే కరిగి, ఒత్తిడి ఆరు అట్మాస్ఫియర్ల దాకా ఎక్కుతుంది. నెలల తరబడి అలా పడుకోబెట్టాక, సీసాలను చెక్క బల్లల చిల్లుల్లో మెడ కిందికి గుచ్చి, కొంచెం కొంచెం తిప్పుతూ, ఇంకాస్త నిలబెడుతూ వస్తే ఈస్టు మడ్డి అంతా మూతి దగ్గరికి దిగుతుంది. మూతిని గడ్డకట్టించి మూత తీస్తే ఆ గడ్డ తుపాకి గుండులా ఎగిరి పడుతుంది. తగ్గినంత నింపి బిరడా కొడతారు. కల్లు లొట్టిలో పొంగేదీ ఇదే వాయువు, కాకపోతే లొట్టికి మూత ఉండదు.

కల్లు మాట వచ్చింది గనక ఇంకొకటి. తెలంగాణ నుంచి వచ్చి ఈ నగరానికి రాళ్లు మోసి సున్నం కలిపిన కామాఠీలకు కల్లు కొత్తది కాదు. 1939 ఆగస్టు 1న బొంబాయిలో మద్యనిషేధం వచ్చింది. సడలింది. 1949 చట్టంతో మళ్లీ వచ్చి, 1950 ఏప్రిల్ 6 నుంచి రాష్ట్రమంతా అమలైంది. తాటిచెట్టు నుంచి పులియని నీరా అమ్మడానికి సర్కారే ముందుకొచ్చింది, పులిస్తే నేరం. అరవైల్లో పర్మిట్లు సులువు చేశారు గానీ చట్టాన్ని మాత్రం తీసెయ్యలేదు. చౌగులేలు షాంపేను పొంగించింది ఈ చట్టం నీడలోనే.

ఓమర్ ఖయ్యాం అనే పేరుతో వాళ్ల సీసా ఎనభైల చివరికి లండన్ అంగళ్లు చేరింది. ఇండియా నుంచి బుడగల వైనా అని అక్కడి విమర్శకులు మొదట నవ్వారు, తాగి చూశాక మెచ్చుకున్నారు. ఇక్కడ మార్క్విజ్ ద పాంపదోర్ పేరుతో స్టార్ హోటళ్లకు వెళ్లింది. సమ్మెలో బతుకు పోయిన చాల్ గడప దాకా ఆ సీసా ఎందుకు వస్తుంది? ఏ పెళ్లి విందులోనో వడ్డనకు కుదిరిన కుర్రాడు బిరడా చప్పుడు విని ఉంటాడంతే.

శ్యామ్‌రావ్ కొడుకు రంజిత్ చౌగులే చేతికి పగ్గాలు వచ్చాక కథ నడక మారింది. 2001లో మహారాష్ట్ర వైన్ విధానం ఎక్సైజు భారం తగ్గించింది. నాసిక్‌లో పోటీదారులు లేచారు. ఇండాజ్ వింట్నర్స్‌గా పేరు మార్చుకున్న కంపెనీ ఆస్ట్రేలియాలో వైనరీలు కొంది, బ్రిటన్‌లో డార్లింగ్‌టన్ వైన్స్‌ను కొంది. అంతా అప్పు మీదే. సీసా దగ్గర అంత ఓపిక పట్టిన ఇల్లు విస్తరణ దగ్గర ఎందుకు పట్టలేకపోయిందన్నదే నాకు ఈ గాథలో మింగుడుపడని సంగతి. ఎండను గెలిచారు, వడ్డీ దగ్గర ఓడారు.

2008లో ప్రపంచ మార్కెట్లు కూలాయి. నవంబరు 26 రాత్రి తాజ్, ఒబెరాయ్ హోటళ్ల మీద దాడులు జరిగాయి. ఖరీదైన వైన్‌కు పెద్ద గిరాకీ అలాంటి హోటళ్ల నుంచే. పర్యాటకులు రాలేదు, బార్లు బోసిపోయాయి. ఉద్యోగుల జీతాలు ఆగాయని, ద్రాక్ష రైతుల బకాయిలు పేరుకున్నాయని వార్తలొచ్చాయి. అప్పులవాళ్లు బొంబాయి హైకోర్టు మెట్లెక్కారు. చివరికి కంపెనీని మూసేసి లెక్కలు తేల్చమని ఆదేశం వచ్చింది.

జీతం ఆగిన ఇల్లు ఎలా ఉంటుందో నారాయణ్‌గావ్‌కు అప్పుడు తెలిసింది. వర్లీ తెలుగువాళ్లకు పాతికేళ్ల ముందే తెలుసు.

2013లో ఫ్రెంచి సంస్థ మొయెత్ హెనెసీ తన షాందోన్ బుడగల వైన్‌ను నాసిక్ ద్రాక్షతో చేసి భారతదేశంలో అమ్మకానికి దింపింది. ఫ్రెంచివాళ్లు ఈసారి సలహాదారులుగా రాలేదు, యజమానులుగా వచ్చారు. 2025 ఆగస్టులో వర్లీ బీడీడీలో, పాత చాళ్ల చోట కట్టిన కొత్త భవనాల్లో, మొదటి విడతగా 556 కుటుంబాలకు అయిదు వందల చదరపు అడుగుల ఫ్లాట్ల తాళాలిచ్చారు. 1949 చట్టం ఇంకా పుస్తకాల్లో ఉంది. ఆ ఫ్లాట్‌లో గృహప్రవేశానికి ఒక షాందోన్ సీసా తెచ్చుకుని విప్పాలన్నా, కాగితం ప్రకారం, పర్మిట్ ఉండాలి.